నుదుటి రూపాయి

మిరపకి పట్టే తెగుళ్లన్నీ రాఘవమ్మకి తెలుసు. రూపాయి బిళ్ళకి కూడా తెగులు పడుతుందని మాత్రం తమ్ముడు యలమంద ఇంటికి వచ్చాకే తెలిసింది.

తల్లి నాంచారమ్మ సంవత్సరీకం మర్నాడు. దర్శి దగ్గరున్న తన ఊరి నుంచి రెండు బస్సులు మారి, పిడుగురాళ్ల అవతల ఉన్న పుట్టింటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. తల్లి బతికి ఉండగా మిరప విత్తనాలూ, పురుగుమందు డబ్బాలూ ఉండే వసారా నిండా ఇప్పుడు చిల్లర పరిచి ఉంది. రైలు పట్టాల మీద పెట్టి చదును చేసినవి కొన్ని. నడుమ బెజ్జం కొట్టినవి కొన్ని. బ్యాటరీ ఆసిడ్‌లో నానబెట్టినవి, సున్నం బట్టీలో కాల్చినవి, పట్టకారుతో వంచినవి ఇంకొన్ని. మూలనున్న బకెట్ నుంచి వచ్చే కంపుకి ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏందిరా ఇది, పాత ఇనప సామాన్ల కొట్టు పెట్టావా?"

"ఎర్రర్ కాయిన్స్ అక్కా," అన్నాడు యలమంద. "టంకశాలలో అచ్చు తప్పి వచ్చినవి. ఆన్‌లైన్‌లో పెడితే ఎగబడి కొంటారు."

టంకశాల ఎక్కడుందో యలమందకి తెలియదు. రెండేళ్ల కిందట ఫోన్‌లో ఎవడో, మీ ఇంట్లో ఈ బిళ్ళ ఉంటే మీరు లక్షాధికారులని చెప్పాడు. వీడు నమ్మాడు. ముందు రిజిస్ట్రేషన్ ఖర్చు కట్టమంటే కట్టాడు, ఆ పైన పన్నంటే అదీ కట్టాడు. తర్వాత ఆ నంబరు మోగడం మానేసింది. మోసపోయినవాడికి ఎవడికైనా బుద్ధి వస్తుంది. యలమందకి వ్యాపారం వచ్చింది.

మేనకోడలు శ్రీరమ్య డిగ్రీ చదువుతోంది. తండ్రి అమ్మకానికి పెట్టినవన్నీ ఫోన్‌లో చూపిస్తూ అత్తకి చదివి వినిపించింది. అరిగిపోయిన అయిదు రూపాయల బిళ్ళ ఫోటో కింద 'అచ్చు పడని అపురూప నాణెం, ప్రపంచంలో ఇదొక్కటే' అని రాసి ఉంది. ఆ ఒక్కటేదాని అప్పచెల్లెళ్లు బకెట్లో బోలెడు మంది నానుతున్నారు.

రాఘవమ్మకి ఒళ్లు మండింది. మొగుడు పోయినప్పటి నుంచి ఆవిడ కల్లాల్లో తాలుకాయ ఏరే పనికి వెళుతోంది. ఎర్రటి రాశిలోంచి తెల్లబోయిన కాయనీ, మచ్చ పడిన కాయనీ ఏరి పక్కన పోయడమే ఆ పని. తాలుకీ ధర ఉంటుంది. కానీ దాన్ని తాలు అనే అమ్ముతారు. గుంటూరు యార్డులో ఎంత గుండెలు తీసిన బంటైనా తాలు బస్తా ముందు నిలబడి, ఇది అపురూపమైన తెల్ల మిర్చి అనడు.

"పాడైపోయినదాన్ని పాడైపోయిందని అమ్మరా," అంది.

"కొనేవాడికి కళ్లున్నాయి గదక్కా. నేనేం వాడి చెయ్యి పట్టుకుని లాగానా," అని నవ్వాడు.

మరదలు కాఫీ తెచ్చిచ్చింది. శ్రీరమ్య ఫోన్‌లో ఇంకో ఫోటో పెద్దది చేసి, "అన్నిటికంటే దీన్నే ఎక్కువ మంది అడుగుతున్నారత్తా," అంది. పాత పెద్ద రూపాయి. నల్లగా కాలి, అక్కడక్కడ నీలం దేరింది. కింద 'టంకశాల కొలిమిలో పుట్టిన అరుదైన లోపం' అని రాశాడు. అంచున పక్కపక్కనే రెండు గాట్లు.

ఆ గాట్లు చూశాక రాఘవమ్మకి కాఫీ మింగుడుపడలేదు.

నాంచారమ్మ వక్క లేనిదే ఉండేది కాదు. ఒకసారి కోటప్పకొండ తిరునాళ్లలో అడకత్తెర బేరమాడుతుంటే, ఇది ఇనుమునైనా కొరుకుతుందని అమ్మేవాడు గొప్పలు పోయాడు. ఆవిడ రొంటిన దోపుకున్న పెద్ద రూపాయి తీసి వాడి ఎదుటే నొక్కింది. తెగలేదు. గట్టిగా ఇంకోసారి నొక్కింది. రెండు గాట్లు పడ్డాయి. వాడి నోరు మూయించి సగం ధరకి అడకత్తెర తెచ్చుకుంది. ఆ రూపాయిని మాత్రం ఖర్చు పెట్టలేదు. వక్కాకు సంచిలో దాచుకుని, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ తీసి చూపించి ఆ కథ చెప్పేది.

నిరుడు ఆవిడ పోయిన రోజున, నుదుట అద్దడానికి రూపాయి బిళ్ళ కావాలన్నారు. ఇంటినిండా జనం. అందరూ జేబులు తడుముకున్నారు. టీ నీళ్లకి కూడా ఫోన్‌లో కొట్టే రోజులాయె, ఒక్కడి దగ్గరా చిల్లర లేదు. అప్పుడు రాఘవమ్మే లేచి, తల్లి వక్కాకు సంచి వెతికి, ఆ గాట్ల రూపాయి తీసింది. విభూది తడిపి ముద్దచేసి, తన చేత్తోనే తల్లి నుదుట అద్దింది. నీది నీతోనే రానీ అమ్మా, అనుకుంది.

మూడోనాడు యలమంద ఎముకలు ఏరి, బూడిద మీద పాలు చల్లాక, కాటికాపరి పిచ్చయ్య పుల్లతో కెలికి చూశాడు. బూడిదలో మిగిలిన రూపాయి అతని హక్కు. "ఈసారి బిళ్ళ దొరకలేదమ్మా," అన్నాడు. నువ్వే కాజేసి మళ్లీ మమ్మల్ని అడుగుతావా అని యలమంద అందరిముందూ అతని మీద విరుచుకుపడ్డాడు. పిచ్చయ్య తలొంచుకుని వెళ్లిపోయాడు. అప్పటికే అది యలమంద జేబులో ఉందన్నమాట.

రాఘవమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"ఒరేయ్, ఆ నల్ల రూపాయి ఎక్కడిదిరా?"

"అదా. సున్నం బట్టీలో కాల్చిందిలే."

"అడకత్తెర గాట్లు కూడా బట్టీలోనే పడ్డాయా?"

యలమంద కూతురి వంక చూశాడు, గోడ వంక చూశాడు. దొరికిపోయినవాడి మొహం ఒక్క క్షణమే పెట్టాడు. తర్వాత తేలిగ్గా అనేశాడు.

"అమ్మదే. బూడిదలో పోతే ఎవడికేం లాభం అక్కా? పిచ్చయ్య తీసుకెళ్లి సారా కొట్లో ఇచ్చేవాడు. కాలిన రంగుకి మంచి గిరాకీ ఉంది. పోతూ పోతూ అమ్మ మనకి ఒక దారి చూపించిందనుకో."

"శవాల మీద పేలాలు ఏరుకునే రకం అని జనం తిట్టుకుంటుంటే విన్నానురా," అంది రాఘవమ్మ. "అది ఒట్టి సామెతే అనుకున్నాను. నువ్వు చేసి చూపించావు. పరాయి శవం కూడా కాదు, కన్నతల్లి."

యలమంద వంగి కిందున్న బిళ్ళలు సర్దసాగాడు.

"ఆ ఫోటో తీసెయ్. రేపు పిండం పెట్టే చేత్తోనే ఆ బిళ్ళని కూడా కృష్ణలో కలుపు. అది ఎవడి బీరువాలోనో పడితే అమ్మకి దారి ఉండదు. నాకు వేరే ఏం వద్దు. పొలం అడిగానా, బంగారం అడిగానా?"

"సరేలే, తీసేస్తా. ఊరంతా వినేట్టు అరవబాకు," అన్నాడు.

రాత్రి రాఘవమ్మ అన్నం ముట్టలేదు. ఆ ఇంట్లో ఏది తాకినా ఆసిడ్ వాసనే వేసింది. తమ్ముడి వేళ్లు చూస్తే ఒళ్లు జలదరించింది. తల్లి ఎముకలు ఏరిన వేళ్లు, వాటి మధ్యలో రూపాయి వెతుక్కున్నాయి. అయినా తీసేస్తానన్నాడు కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది.

తెల్లారి చుట్టాలు దిగారు. మరదలు గారెల పిండి రుబ్బుకొచ్చింది. పంతులుగారు లోపల దర్భలు సర్దుకుంటున్నారు. రాఘవమ్మ వసారాలో తల్లి ఫోటో తుడిచి, పూలదండ వేసి, గిన్నెలో విభూది తడుపుతోంది. శ్రీరమ్య వచ్చి పక్కన నిలబడింది, మొహం వేలాడేసుకుని.

"అత్తా, నువ్వు చూస్తే బాధపడతావు. కానీ చూడు."

ఫోటో తీసెయ్యలేదు. కింద రాతే మారింది. 'నిజమైన చితి రూపాయి. శవం నుదుటి మీద కాలింది. అడకత్తెర గాట్లు చూసి సొంత కూతురే గుర్తుపట్టింది. అద్భుత శక్తులు గలది.' ధర రెట్టింపు చేశాడు.

రాఘవమ్మ ఒకటికి రెండుసార్లు చదివించుకుంది. ఇన్నాళ్లూ వాడు అబద్ధాలు అమ్మాడు. నిన్న తను కడుపు మండి చెప్పిన నిజాన్ని రాత్రికి రాత్రే సరుకు చేసి అంగట్లో పెట్టాడు. తిట్టినా వాడికి లాభమే. గుడినీ గుడిలో లింగాన్నీ మింగేవాడికి తిట్లు ఒక లెక్కా?

అంతలో యలమందే వచ్చాడు. కర్త కదా, తలస్నానం చేసి తడి పంచె కట్టుకున్నాడు. చూడబోతే ఎంతో పద్ధతిగా ఉన్నాడు. మొలలోంచి నల్ల రూపాయి తీసి అక్క చేతిలో పెట్టాడు.

"కోప్పడబాకక్కా. ఒంగోలు ఆయన ఒకడు తీసుకుంటానంటన్నాడు, రుజువు కావాలంటన్నాడు. నిన్న అన్నావే, అదే మాట ఒక్కసారి ఫోన్‌లోకి చెప్పు. ఇది మా అమ్మ నుదుటిది, నేనే అద్దానని. అంతే. రమ్యా, వీడియో తియ్యమ్మా."

శ్రీరమ్య ఫోన్ ఎత్తింది.

రాఘవమ్మ అరచేతిలోని రూపాయిని చూసింది. బొటనవేలితో గాట్లు తడిమింది. తర్వాత గిన్నెలోంచి విభూది ముద్ద తీసి ఆ బిళ్ళకి వెనక వైపు దట్టంగా పట్టించింది.

"ఇది మా అమ్మ నుదుటి రూపాయి," అంది ఫోన్ వంక చూస్తూ. "నిరుడు నేనే అద్దాను."

యలమంద తృప్తిగా తలూపాడు.

"ఎలా అద్దానో కూడా చూపిస్తాను. ఇటు రా."

వాడు ఒకడుగు ముందుకు వేశాడు. రాఘవమ్మ ఎడమచేత్తో వాడి తడి జుట్టు వెనక్కి తోసి, కుడిచేత్తో ఆ రూపాయిని వాడి నుదుటి నడుమ గట్టిగా నొక్కి పెట్టింది. నిరుడు తల్లికి నొక్కినట్టే, అది అంటుకునేదాకా.

"అమ్మ రూపాయి నీకే ఇస్తన్నా. నీతోనే పోనీ."

మరదలి చేతిలో గారెల పిండి గిన్నె అలాగే ఉండిపోయింది. యలమంద చెయ్యి నుదుటి దాకా వెళ్లి ఆగింది. బతికున్నవాడు నుదుటి మీది ఆ బిళ్ళని తనంతట తను పీక్కోవచ్చో లేదో వాడికి ఎవరూ చెప్పలేదు.

"కర్త ఎవరయ్యా, లోపలికి రావాలి," అని పంతులుగారు పిలిచారు.

రాఘవమ్మ దొడ్లో బోరింగు దగ్గరికి వెళ్లింది. బకెట్ నింపి, కట్టుకున్న చీరతోనే నెత్తిన నీళ్లు గుమ్మరించుకుంది, దగ్గరివాళ్ల చావు కబురు విన్నవాళ్లు చేసినట్టు.