తిప్పిన ముక్క

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఇళ్ళ మీదికి వేలాడుతోంది. వాన కురవదు, వెలుతురూ రాదు. అతను కిటికీ దగ్గర కూర్చుని టారో ముక్కలు, జోస్యం చూసే బొమ్మల పేకముక్కలు, కలుపుతూ, ఫోటోకి సరిపడా వెలుగు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు.

భార్య చనిపోయిన ఏడాది అతను మొదలుపెట్టిన బ్లాగు కోసం ఆ ఫోటో. బ్లాగు పేరు 'ఉదయపు ముక్క'. పొద్దున్నే ఒక ముక్క తీయడం, కిటికీ గట్టు మీద పెట్టి ఫోటో తీయడం, పది లైన్లు రాసి పెట్టడం, తర్వాత స్నానం చేసి కళ్ళద్దాల దుకాణంలో పనికి పోవడం. జ్వరమొచ్చినా మానలేదు. అతని బొటనవేలు ఆనే చోట ముక్కల అంచులు బొచ్చులేచి మెత్తబడ్డాయి. చదివేవాళ్ళు కొద్దిమందే. కానీ పట్టు వదలనివాళ్ళు. పెళ్ళి చేసుకోమంటారా, ఇల్లు అమ్మమంటారా అని అడుగుతారు. అతను వెళ్ళమనీ చెప్పడు, ఆగమనీ చెప్పడు. ముక్కలో ఉన్న బొమ్మను వర్ణించి ఊరుకుంటాడు. అదే వాళ్ళకు ఓదార్పు. రాతలో అంత చెప్పగలిగినవాడు ఇంట్లో మాత్రం ఉప్పు కావాలన్నా చెయ్యి చాపి చూపిస్తాడు.

అతనికి రెండు నియమాలున్నాయి. ముక్క ఎలా పడితే అలాగే చదవాలి, చెయ్యి పెట్టి సరిచేయకూడదు. ఇంట్లోవాళ్ళకు తీయకూడదు.

గోడ పట్టుకుని అక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. వానలు మొదలైనప్పటి నుంచి మంచం మీదే ఉంటోంది. గుండెకు ఆపరేషన్ చేయాలన్నారు. చేసినా భయమే, చేయకపోయినా భయమే అన్నారు. ఇవాళ సాయంత్రంలోగా రాకపోతే ఆసుపత్రిలో ఆమెకని ఉంచిన మంచం వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు. బావ వారం రోజులుగా బతిమాలుతున్నాడు. ఆమె ఊఁ అనదు, ఊహూఁ అనదు.

"ఒరే, నాకో ముక్క తియ్యి."

"ఇంట్లోవాళ్ళకు తియ్యను కదక్కా."

"లోకంలో అందరికీ తీస్తావు. నేనేం పాపం చేశాను?"

గుమ్మంలో గడ్డానికి సబ్బు నురగతో బావ నిలబడ్డాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంట్లో కూడా ఇంజను శబ్దం మీద వినబడాలన్నట్టే మాట్లాడతాడు. "తియ్యవయ్యా బావమరిదీ. డాక్టరు మాట వినదు, మొగుడి మాట వినదు. ఆ అట్టముక్క మాటైనా వింటుందేమో."

అతను తీశాడు. నక్షత్రం ముక్క. చెరువు ఒడ్డున మోకాలు మీద కూర్చుని ఒక స్త్రీ రెండు కూజాలతో నీళ్ళు వంపుతోంది. పైన పెద్ద చుక్క. నిటారుగా పడితే ఆశ ఉన్నట్టు. తలకిందులుగా పడితే ఆ కూజాలు ఖాళీ అయినట్టు.

అతని వైపు నుంచి బొమ్మలోని స్త్రీ చక్కగానే కూర్చుని ఉంది. అక్క వైపు నుంచి తలకిందులుగా వేలాడుతోంది. ఎవరి వైపు నుంచి చూడాలన్న దాని మీద ఎప్పుడో బ్లాగులో ఎవరితోనో నెల్లాళ్ళు వాదించి, అడిగినవాళ్ళ వైపు నుంచే అని అతనే తేల్చి రాశాడు.

అతని బొటనవేలు కదిలింది. ముక్క సగం చుట్టు తిరిగి అక్క వైపు నిటారుగా నిలిచింది.

అక్క ముక్కను చూడలేదు. బొటనవేలినే చూసింది.

"తిప్పావు."

"నీకు సరిగ్గా కనబడాలని."

"రోజూ చదువుతాన్రా నీ రాతలు. నాకు తెలియదనుకున్నావా?"

అతను మిగతా ముక్కల అంచులు సర్దాడు.

"అంటే నన్ను వెళ్ళమంటున్నావు. ఆ మాట నోటితో అంటే ముత్యాలు రాలిపోతాయా?"

వెళ్ళక్కా అందామనుకున్నాడు. ముక్కను ఇంకాస్త ఆమె వైపు జరిపాడు. అక్క మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది.

"ఏమండీ, సాయంత్రానికి కారు మాట్లాడండి. వెళ్దాం."

బావ నురగ తుడుచుకోవడం మరిచిపోయాడు. "ఇన్నేళ్ళకు ఒక్క పనికొచ్చే పని చేశావయ్యా," అన్నాడు.

అతను స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు ఆ ఇంట్లో విని చాలా రోజులైంది. "నీకెందుకక్కా," అన్నాడు గుమ్మంలోంచి.

"అక్కడ ఎన్నాళ్ళు పడుకోవాలో. ఇద్దరు మగాళ్ళు, మీ మొహాలకు నీళ్ళు కాచుకోవడం కూడా రాదు. పో, పనికి పో. కారు వచ్చేలోగా వచ్చెయ్యి."

వెళ్ళాడు. బ్లాగులో ముక్క పెట్టలేదు. పడినట్టు పెడితే అక్క చూస్తుంది. తిప్పినట్టు పెడితే తనే చూడలేడు.

దుకాణం వెనకగదిలో అతని పని. సానరాయి తిరుగుతుంటే నీళ్ళు చిమ్ముతూ అద్దం అంచు అరుగుతుంది. అద్దం పైభాగాన ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టుకుంటాడు, తారుమారు కాకుండా. మధ్యాహ్నం యజమాని ఒక కళ్ళద్దాల జత పట్టుకొచ్చి ముందు పెట్టాడు. కింద ఉండాల్సిన దగ్గరిచూపు ముక్క పైకి పోయింది.

"ఇవి పెట్టుకుని ఆ పెద్దాయన ఆకాశంలో పేపరు చదవాలా?"

అతను అద్దాలు ఊడదీశాడు. ఇన్నేళ్ళలో అలా జరగలేదు గనుక యజమానే తగ్గి, "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

భోజనం వేళ ఫోన్లో బ్లాగు తెరిచాడు. ఈ రోజు ముక్కేదండీ అని ఒకరు. మీరు క్షేమమేనా అని ఇంకొకరు. అడుగున, రాత్రి డ్యూటీల నర్సు ఒకావిడ రాసింది. ఆమె రోజూ రాస్తుంది. దూరపు ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చిందట. అమ్మ ఒక్కతే అయిపోతుందట. వెళ్ళమంటారా, ఆగమంటారా? ఇవాళ్టి ముక్కను బట్టి తేల్చుకుంటాను.

జవాబు రాయబోతుంటే ఫోన్ మోగింది. బావ. గొంతులో ఇంజను ఆగిపోయి ఉంది. "ఓసారి వచ్చెయ్యవయ్యా," అన్నాడంతే.

అక్క వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో ఉంది. తల దువ్వుకుంది, మొహం కడుక్కుంది. ఒళ్ళో మసిగుడ్డ మడతపెట్టి ఉంది. వీధి చివరి డాక్టరు వచ్చి, చెయ్యి పట్టుకు చూసి, ప్రాణం లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

"వంట ముగించింది," అన్నాడు బావ. "కాసేపు కూర్చుంటానంది. నేను సంచీ సర్దుతున్నా. దువ్వెన పెట్టమంటావా అని అడిగితే పలకలేదు. పొద్దున ఎంత హుషారుగా లేచిందయ్యా. కూనిరాగం కూడా తీసింది."

ఒక్కొక్క మాటా అతనికి ఒక్కొక్కచోట దిగింది. తిప్పకుండా ఉంటే ఆమె మంచం మీదే ఉండేది. పొయ్యి దగ్గర నిలబడేది కాదు.

"బావా, ఆ ముక్క నేను తిప్పాను."

"చెప్పింది. కూరలు తరుగుతూ నవ్వుకుంది. వాడు నన్ను ఇంకొన్నాళ్ళు ఉండమంటున్నాడండీ, అడగటం రాక అట్టముక్కతో అడిగించాడు అంది."



దూరపు ఊళ్ళో ఉన్న అక్క కూతురు వచ్చేసరికి మర్నాడవుతుంది. అందాకా ఇంట్లో ఉంచడం కష్టమన్నారు. సాయంత్రం తెల్ల వ్యాను వచ్చి, ఆమె వెళ్దామన్న ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళి చల్లగదిలో ఉంచింది. కాగితాల మీద బావ సంతకం పెట్టాడు. ఇద్దరూ తిరిగొచ్చి లైటు వేశారు.

అతను బ్లాగు తెరిచాడు. నర్సుకు జవాబు రాశాడు. "ముక్క అడగకండి. నాకు తెలియదు. మీ మనసులో ఉన్నది మీ అమ్మగారితో నోటితో చెప్పండి. ఇవాళే." ఆ రోజు ముక్క చోటు ఖాళీగానే వదిలేశాడు.

బావ కంచాలు పెట్టాడు. వడ్డించడం ఇద్దరికీ సరిగ్గా రాదు, అన్నం కంచం అంచు దాటి పడింది. తిన్నారు. కూరలో ఉప్పు సరిపోయింది. అతను చెయ్యి చాపలేదు. బావ తల ఎత్తలేదు. గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నారు.

వంటింటి గట్టు మీద, గిన్నె మూతను పిల్లి తోసేయకుండా అక్క బరువు పెట్టిన నున్నటి రాయి ఉంది. దాని మీద ఆమె మూడు వేళ్ళ పిండి మరకలు ఆరిపోయి తెల్లగా ఉన్నాయి.