అధికార నివాసం కట్టిన ఆడవాళ్లు

ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతూ శ్వేత మా కళ్ల ముందే కూలిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోతే, నీళ్లు ఎందుకు తాగడం లేదని డాక్టరమ్మ అడిగింది. శ్వేత తల దించుకుంది. జవాబు కూలి ఆడవాళ్లందరికీ తెలుసు. తాగితే ఎక్కడికి పోవాలి?

ఢిల్లీలో కూర్చుని దేశాన్ని ఏలే నాయకుడు సొంత జిల్లాకు వచ్చినప్పుడు ఉండడానికి సిద్దిపేట శివారులో సర్కారు కడుతున్న అధికార నివాసంలో మాకు కూలి పని. అంతకుముందు ఆ జాగలో చేనేత సంఘం షెడ్డు ఉండేది. కొండవ్వ అందులోనే బట్ట నేసింది. సంఘాన్ని మూసేసి, షెడ్డు కూల్చి, పునాదులు తవ్వారు. మగ్గం పోయిన కొండవ్వ అదే నేల మీద మాతోపాటు సిమెంటు మోసింది. మొదట్లో వెనక తుమ్మచెట్ల చాటుకు పోయేవాళ్లం. పచ్చిక వేయాలని వాటిని కొట్టేశారు. లోపల ప్రతి గదికీ బాత్రూం ఉంది. కుక్కలుండే గదికి కూడా నల్లా పెట్టారు. మాకు మాత్రం అన్నిటికీ తాళాలే.

ఒక్క తాళమైనా తీయమని కాంట్రాక్టరు సుధాకర్‌ను అడిగాం. నాయకుడు అడుగు పెట్టకముందే కూలోళ్లు మైల చేస్తారా అన్నాడు. ఇష్టం లేకపోతే పని మానుకోమన్నాడు.

ఆ సాయంత్రం రేకుల షెడ్డు ముందు అందరం కూర్చున్నాం. పని ఆపుదామని ఆడవాళ్లం అంటే మేస్త్రీ సారయ్య వద్దన్నాడు. ఇది ఆడవాళ్ల సంగతి, దీనికోసం అందరి పనీ పోగొట్టుకోవద్దన్నాడు. కొందరు మగవాళ్లు తలలూపారు. కొండవ్వ లేచింది.

"సారయ్యా, నీకు గోడ చాటు చాలు. మాకు చాలదు. గందుకే మా సంగతి అంటున్నవు. రేపు నిన్ను పనిలకెల్లి తీసేస్తే, అది నీ సంగతని మేం ఊకుండాల్నా?"

సారయ్య లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు ఇల్లు చూడడానికి పెద్ద అధికారులు, పోలీసులు వచ్చారు. మేం ఆడవాళ్లం తట్టలు దింపి, తాళం పగలగొట్టి, ఒకరి తర్వాత ఒకరం బాత్రూంలోకి పోయివచ్చాం. తర్వాత పాలరాతి హాల్లో కూర్చుని కడుపునిండా నీళ్లు తాగాం. సుధాకర్ బూతులు తిట్టాడు. ఇది ఎవరి ఇల్లో తెలుసా అని ఒక అధికారి అడిగాడు.

"తెలుసు సారు," అంది కొండవ్వ. "మా మగ్గాలు పీకి కట్టిన ఇల్లు."

పోలీసులు మమ్మల్ని రెక్కలు పట్టి ఈడ్చి వ్యానెక్కించారు. కొండవ్వ మోచేయి చీరుకుపోయి రక్తం కారింది. అది చూసి సారయ్య తాపీ కింద పడేసి వచ్చి వ్యానుకు అడ్డంగా నిలబడ్డాడు. పరంజా మీది మగవాళ్లంతా దిగి అతని పక్కన నిలబడ్డారు.

"వాళ్లను దింపున్రి. లేదంటే మమ్ముల గూడ ఎక్కించుకోన్రి," అన్నాడు సారయ్య.

వ్యానులో చోటు లేదు. పోలీసులు లాఠీలతో వాళ్లను పక్కకు నెట్టి బండి కదిలించారు. వాళ్లు వెనకే నడిచారు. దారిలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఏమైందని అడిగి, చాటలు పక్కన పెట్టి వచ్చారు. మా కొండవ్వనే పట్టుకపోతున్నరని నేతగాళ్ల వాడ కదిలింది. ఠాణా దగ్గర వ్యాను జాలీలోంచి చూస్తే, రోడ్డు మీద ఆ జనం చివర ఎక్కడుందో మాకు కనిపించలేదు.