శుక్రవారం గడప దాటని గింజ

“మరపా? గింజకు మరపేందిరా గోవిందా?” అని సౌభాగ్యత్త నా చొక్కా పట్టి లాగింది.

వేదిక మీద కవిప్రియ మేడం అన్నది ‘మరబణు’. తమిళంలో జన్యువు. తమిళ సీమలోని ఈ ఇండూరులో మా తెలుగు వీధి వాళ్ళకు తమిళం కొత్తేం కాదు, గడప దిగితే అదే. కానీ శాస్త్రవేత్తల తమిళం వాళ్ళను కన్న తమిళ తల్లికి కూడా అర్థం కాదు. ‘మరబు’ అంటే వాళ్ళకు తరతరాలుగా వచ్చింది. మనకు మరపు అంటే ఆ వచ్చింది కాస్తా పోవడం. అత్తకు ఇదంతా చెప్పే తీరిక నాకు లేదు.

“మరపు కాదత్తా. గింజకు కులగోత్రాలు చూసినారంట. ఎవరింటి బిడ్డో ఇప్పుడు చెప్తారు.”

“చెప్పనీ. మా అత్త చేతి గింజ అది. ఇంకెవురింటిదని చెప్తారు?” అని కొంగు సర్దుకుని కూర్చుంది.

నేను గోవిందన్. చుట్టుపక్కల పెళ్ళికైనా చావుకైనా మైక్‌సెట్ నాదే. ఏది పోయినా జనం నా పేరే తలుచుకుంటారు కాబట్టి వేరే ప్రచారం అక్కర్లేదు. ఆ రోజు కల్యాణ మండపంలో శాస్త్రవేత్తలు వచ్చి రైతులకు తమ పరిశోధనలు వివరించే సభ. మైకు నాది, మా వీధి ముసలివాళ్ళకు తెలుగులో విడమరిచే నోరూ నాదే.

మొదట మాట్లాడినాయన నక్షత్రాల మనిషి. ఎక్కడో ఇంకో సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహం మీద నీటి ఆవిరి జాడ దొరికిందని తెర మీద గీతలు చూపించాడు. “అంత దూరంలో నీళ్ళు పడ్డాయంట. మన మారిముత్తు బోరులో వెయ్యి అడుగులు దిగినా పడలేదు,” అని తెలుగు చేశాను. రెండో ఆయనది వాతావరణం. వానంతా నాలుగు రోజుల్లోనే కురిసి పోతోందనీ, వానకూ వానకూ మధ్య ఎండు రోజులు పెరుగుతున్నాయనీ, ఆ ఎండును ఓర్చే పంట కావాలనీ అన్నాడు. “వాన కొత్తల్లుడైపోయింది. ఎప్పుడొస్తాడో చెప్పడు, వస్తే ఇల్లు ఊడ్చుకుపోతాడు,” అన్నాను. తర్వాత డాక్టరమ్మ లేచి, రాగి తింటే చక్కెర రక్తంలోకి మెల్లగా ఎక్కుతుందని చెప్పింది. మండపంలో సగం మందికి షుగరు. మిగతా సగం ఇంకా పరీక్ష చేయించుకోలేదు.

నాలుగో ప్రసంగం పాత విత్తనాలు వెతికే కవిప్రియ మేడంది. అత్త ముందు వరుసలో కూర్చున్నది దాని కోసమే.

అత్తకు ఎకరన్నర మెట్ట ఉంది. నలభై ఏళ్ళుగా అందులో పిడికిలి రాగి వేస్తోంది. వెన్ను పిడికిలిలా ముడుచుకుంటుంది, అందుకా పేరు. ఇప్పుడు ఇంకెవరూ దాన్ని వెయ్యరు, ఎటు చూసినా కర్రపెండలమే. మూడేళ్ళ కింద వానలు మొహం చాటేసినప్పుడు ఊళ్ళో రాగి పంటంతా ఎండిపోతే అత్త చేను ఒక్కటే వెన్ను తీసింది. కొడుకు మాదేష్‌కు అది గుర్తుండదు, పెండలం లాభం మాత్రం గుర్తుంటుంది. గొడవ పడీ పడీ తల్లీకొడుకులు ఒక మాటకు వచ్చారు. మేడం మంచి గింజ అంటే చేను రాగికి. కాదంటే వచ్చే ఆడి మాసంలోనే, అంటే మన ఆషాఢంలోనే, పెండలానికి.

పోయిన ఆడిలో ఒక శుక్రవారం మేడంను అత్త ఇంటికి తీసుకుపోయింది నేనే. అత్త లోపలికి పోయి చాటలో పిడికెడు గింజలు తెచ్చి ఆమె సంచిలో పోసింది. సంచి మీద పదకొండు అని రాసుకున్నారు.

ఇప్పుడు ఆ పదకొండు తెర మీదికి వచ్చింది. పక్కన ఇంకో గింజ. రెండింటి గీతలూ ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేదు.

“ఇది పాత రకం కాదు,” అంది మేడం, బాధగానే. “రేషన్ షాపులో ఇచ్చే రాగీ ఇదీ ఒకటే. విత్తన నిధిలో పెట్టడానికి కుదరదు.”

నా నోరు ఊరుకుంటుందా! “రాగి రాగి అనుకున్నామే, అది ఇత్తడంటమ్మా! మా అత్త నలభై ఏళ్ళూ విత్తింది విత్తు కాదంట, ఇత్తడంట!”

మండపం గొల్లుమంది. తెలుగు రానివాళ్ళు కూడా నా గొంతుకే నవ్వారు. అత్త నవ్వలేదు.

“మా అత్త విత్తనాల బాన నా చేతికిచ్చినప్పుడు రేషన్‌లో రాగి యాడుండెరా?” అని అడిగింది. మంచి ప్రశ్న. మైకులో అడగాల్సిన ప్రశ్న. నేను వినపడనట్టు వైరు చుట్టుకున్నాను.

భోజనాల్లో రాగిసంగటి, అనపగింజల పులుసు. పిండి మాదేష్ తెచ్చాడు, వడ్డన కూడా తనే. ఫలితం ముందురోజే ఫోన్లో తెలిసిందేమో, మనిషి హుషారుగా ఉన్నాడు. అత్తను శాస్త్రవేత్తల వరుసలోనే కూర్చోబెట్టారు. ముద్ద తుంచి పులుసులో అద్ది నోట్లో పెట్టుకుంది. మింగలేదు.

“మాదేషా, ఈ పిండి యాడిదిరా?”

“అంగట్లో కొన్నదేమ్మా. తిను.”

“నా నోటికే అబద్ధం చెప్తావేందిరా? రేషన్ది నాలిక మీద ఇసక మాదిరి ఆడతాది. ఇది నా బానలోది.”

మాదేష్ గరిటె కింద పెట్టాడు. “అవునమ్మా, నీ బానదే. రెండూ ఒకటేనని మేడమే నిన్న ఫోన్లో చెప్పిందే! పురుగు పట్టేదానికి దాచేది ఎందుకు? పొద్దున నువ్వు స్నానానికి పోయినప్పుడు గింజల్లో కలిపిన బూడిద జల్లించి మిల్లుకు ఎత్తుకపోయినా.”

“ఒకటెట్లా అయితాదిరా?” అని అత్త మేడం వైపు తిరిగింది. “నీకు శుక్రారం ఇచ్చింది రేషన్ది కన్నా. శనారం వీడితో పంపించినానే, అదే నాది.”

మేడం ముద్ద విస్తట్లో వదిలేసింది. “శనివారమా? శనివారం ఎవరూ రాలేదే అవ్వా.”

అందరూ మాదేష్‌ను చూశారు.

“శనారం టమాటా లోడు ఉండె,” అన్నాడు నేల చూస్తూ. “నిన్ననే ఇచ్చినావు కదా, మళ్ళా ఇంకో పిడికెడు ఎందుకనుకున్నా. ఇచ్చేసినానని నీకు చెప్పినా.”

“మరి శుక్రవారమే అది ఎందుకివ్వలేదు అవ్వా?”

ఇంత చదివిన పిల్లకు ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది అత్త. “శుక్రారం విత్తనం గడప దాటితే లక్ష్మి దాటిపోతాది కన్నా. అట్లని అడిగిన చేతికి లేదని చెప్పేదా? అదీ పాపమే. అందుకని ఇంకో గింజ పోసినా.”

మా వీధిలో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే. నాకూ తెలుసు. ఆమెను శుక్రవారం తీసుకుపోయింది నేను. నా బండి ఆ రోజు ఖాళీ.

“బానలో కొంచెమైనా మిగిలిందా?” అని మేడం మాదేష్‌ను అడిగింది.

“కడిగి బోర్లించినా మేడం.”

నక్షత్రాలాయన మెల్లగా అందుకున్నాడు. “పిండిలో కూడా మరబణు దొరుకుతుంది కదమ్మా?”

“దొరుకుతుంది సార్. పరీక్ష చెయ్యొచ్చు,” అంది మేడం. “విత్తలేం.”

అత్త చెయ్యి కడుక్కోలేదు. వేళ్ళకంటిన సంగటి వైపు చూస్తూ, “ఈ పొద్దు ఏ వారం?” అంది.

“శుక్రవారం,” అన్నారెవరో.

వెనక బంతుల వాళ్ళు ఏమైంది ఏమైంది అని లేచి నిలబడుతున్నారు. అత్త నా వైపు తిరిగింది.

“చెప్పు గోవిందా. ఇందాక చెప్పినావే, అంత గట్టిగానే చెప్పు.”

మైకు పెట్టాను. ఒక్క చమత్కారం కూడా తగలలేదు. శుక్రవారం మా ఇళ్ళలో విత్తనం ఇవ్వరనీ, మేడంకు ఆ రోజు దక్కింది రేషన్ రాగి అనీ, అసలుది శనివారం చేరలేదనీ తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాను. పిడికిలి రాగి ఇంకెక్కడా లేదనీ, మనమంతా ఇప్పుడు తింటున్నది అదేననీ చెప్పాను.