వెనక్కి తన్నిన ఇంజను

గాలివానకు వీధి చివర కరెంటు స్తంభం పక్కింటి ప్రహరీ మీదకు ఒరిగింది. తీగలు మురికికాలువలో పడ్డాయి. లైన్‌మన్ వచ్చి చూసి, "రేపటికి ఆశ పెట్టుకోకండి, ఎల్లుండి కూడా చెప్పలేను" అని ఒక్క ముక్క చెప్పి, గొడుగు దులుపుకుని వెళ్ళిపోయాడు.

కోళ్ళక్క వెనక గదివైపు పరిగెత్తింది. ఆమెకు అసలు పేరు ఒకటుంది గానీ, కోడిపిల్లలను పొదిగించి అమ్మడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ దాన్ని పలికే వాళ్ళు లేరు. ఇంటి వెనక గదిలో బీరువా అంత పొదిగే యంత్రం, దాని అరల నిండా గుడ్లు. ఇంకో నాలుగు రోజులు ఆగితే పెంకులు పగిలి పిల్లలు బయటపడాలి. వెచ్చదనం తగ్గితే ఎక్కడివక్కడే చచ్చిపోతాయి.

జనరేటర్ లేక కాదు. పెరటి రేకుల కింద గోనెపట్టా కప్పుకుని ఉంది. దాన్ని నడిపే మనిషే వరండాలో వాలుకుర్చీకి అంటుకుపోయాడు. ఆమె భర్త ఒకప్పుడు మిల్లులో ఇంజను మేస్త్రి. మిల్లు మూతపడ్డాక ఈ కోడిపిల్లల వ్యాపారంలోకి దిగాడు. పోయిన వేసవిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, కుడి కాలూ, సగం మాటా తీసుకుపోయింది. మిగిలిన సగం మాటకు కూడా తలాతోకా ఉండదు. మంచినీళ్ళు కావాలంటే దుప్పటి అంటాడు. కూతురు పేరు అడిగితే మిల్లు పేరు చెబుతాడు. తప్పు చెప్పానని తనకే తెలుస్తుంది. అప్పుడు కళ్ళు మూసుకుంటాడు.

ఆ సాయంత్రమే ఆమె చీర కొంగు బిగించి తాడు లాగింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి ఇంజను ఢామ్మని పేలి వెనక్కి తన్నింది. తాడు చేతిలోంచి లాక్కుపోయి, మణికట్టు మెలిపడింది. పొగగొట్టంలోంచి నల్లపొగ, కార్బొరేటర్ వైపునుంచి మంట నాలుక. మళ్ళీ లాగింది. మళ్ళీ పేలింది. చీకటి పడ్డాక ఇక చేతకాక, యంత్రం చుట్టూ బొంతలు కప్పి, వేడినీళ్ళు పోసిన డబ్బాలు అడుగు అరలో పెట్టింది. అవి ఎంతసేపని వేడిగా ఉంటాయి! మళ్ళీ కాచి పోస్తూనే ఉంది. తెల్లారేసరికి గ్యాసు కూడా అయిపోయింది.

పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. మంచివాడు, ఒంట్లో బలం ఉంది, నోట్లో అంతకన్నా ఎక్కువ బలం ఉంది.

"నువ్వు తప్పుకో అక్కా. దీన్ని లాగాల్సినట్టు లాగితే దీని అమ్మ మొగుడైనా పలకాల్సిందే."

ప్లగ్గు విప్పి గీకాడు. తాడు లాగి చూస్తే నీలంగా నిప్పు వస్తూనే ఉంది. పాత పెట్రోలు పారబోసి కొత్తది పోశాడు. కార్బొరేటర్ విప్పి, నోటితో ఊది, పాత టూత్‌బ్రష్‌తో తోమి మళ్ళీ బిగించాడు. చోక్ వేసి లాగాడు, తీసి లాగాడు. ప్రతిసారీ అదే వరస. ఒక దగ్గు, ఒక పేలుడు, ఒక తన్ను. చివరికి తాడు పిడి వచ్చి మోచేతికి కొట్టుకుంటే నాలుగు బూతులు తిట్టి కూలబడ్డాడు.

"తాళం" అన్నాడు వరండాలోంచి మేస్త్రి.

ఇద్దరూ అటు తిరిగారు.

"ఏంటండీ?"

"తాళం... తాళం!" ఎడంచేత్తో కుర్చీ పట్టె మీద కొట్టాడు.

ఆమె పరుగున వెళ్ళి బొడ్డులో దోపుకున్న తాళాలగుత్తి తీసి చూపించింది. కాదన్నట్టు తల విదిలించాడు. బీరువా తాళంచెవి చూపించింది. గది తాళం తెచ్చింది. ఆయన మొహం ఎర్రబడింది. నోటి పక్కనుంచి చొంగ కారింది. గుత్తిని ఎడంచేత్తో తోసేస్తే వెళ్ళి కుండీలో పడింది.

"తాడుతో లాగే ఇంజనుకి తాళమేంటి బావా!" అన్నాడు తమ్ముడు. తర్వాత గొంతు తగ్గించి, "పాపం, మనల్ని చూసి ఏదో ఒకటి చెప్పాలని ఆయన తాపత్రయం" అన్నాడు.

ఆ మాట ఆయనకు వినబడింది. కళ్ళు మూసుకున్నాడు.

బజారు మెకానిక్‌కు పొద్దుటినుంచీ చేస్తున్న ఫోను మధ్యాహ్నానికి గానీ కలవలేదు. గాలివాన పుణ్యమా అని ఊళ్ళో పాడైన జనరేటర్లన్నీ అతని కొట్టు ముందే ఉన్నాయట. "నేను కదల్లేనక్కా. చెప్పు, ఫోన్లోనే చూస్తాను" అన్నాడు. ఆమె మొదటినుంచీ చెప్పింది.

"నిప్పు వస్తోంది, పెట్రోలు వస్తోంది, అయినా వెనక్కి తంతోందంటే నిప్పు పడాల్సినప్పుడు పడట్లేదన్నమాట. ఫ్లైవీల్, అదే ఇంజను చక్రం, జరిగింది. దాన్ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న ఇనపముక్క ఉంటుంది, అదేనక్కా, కీ. అది తెగి ఉంటుంది."

ఆమె ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నెమ్మదిగా వరండా వైపు చూసింది.

"ఏవండీ. మీరు చెప్పింది కీ గురించా? చక్రం కింద ఉండే కీ?"

మేస్త్రి కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. తల ఊపాడు, ఆపకుండా ఊపుతూనే ఉన్నాడు.

అప్పటికే పొదిగే యంత్రంలోని థర్మామీటరులో పాదరసం చూడబుద్ధి కానంత కిందికి దిగిపోయింది.

తమ్ముడు కుర్చీతో సహా బావను ఎత్తుకొచ్చి ఇంజను పక్కన దింపాడు. ఆమె పై మూత స్క్రూలు విప్పింది. మూత పక్కన పెట్టి, చక్రం మధ్యలో ఉన్న పెద్ద నట్టుకు పానా పెట్టబోతూ మామూలుగా వేలు ఆనించింది. నట్టు వేలితోనే తిరిగింది.

ఇంకో చుట్టు తిప్పింది. సీసా మూతలాగా వచ్చేసింది.

ఆయన పడిపోయిన రోజు ఆమె కళ్ళ ముందు మెదిలింది. ఇదే రేకుల కింద, ఇదే ఇంజను ముందు, చేతిలో పానాతో పక్కకు ఒరిగిపోయాడు. ఆస్పత్రినుంచి ఇంటికొచ్చాక పెరట్లో చెల్లాచెదురుగా ఉన్న సామాను సర్దింది తనే. పనంతా అయిపోయి ఒక్క మూతే మిగిలిందనుకుని స్క్రూలు బిగించింది. లోపలి నట్టు చేత్తో ఎక్కించి వదిలేసినదని ఆమెకేం తెలుసు? నిన్న తాడు లాగిన మొదటి కుదుపులకే వదులు చక్రం జారి, కీని కత్తిరించేసింది.

తలెత్తితే మేస్త్రి నట్టునే చూస్తున్నాడు. ఆయనకు అంతా గుర్తుంది. ఆ రోజు పానా పట్టిన కుడిచేతిని ఎడంచేత్తో తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరిదో వస్తువును పెట్టుకున్నట్టు.

"ఎవడు బిగించాడక్కా ఇంత దరిద్రంగా?" అన్నాడు తమ్ముడు.

"నోరు మూసుకుని చక్రం పట్టుకో" అంది.

చక్రం సులువుగానే ఊడింది. గాడిలో ఉన్న కీ నడిమికి తెగి, సగం అటూ సగం ఇటూ జరిగి ఉంది. తమ్ముడు కొత్తది తెస్తానని సైకిలెక్కి, అడ్డంగా పడిన చెట్లు దాటుకుంటూ పోయి, మూసిన కొట్లన్నీ చూసి ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. ఈలోగా ఆమె పెద్ద మేకును పట్టకారుతో పట్టుకుని ఆకురాయితో అరగదీస్తూ కూర్చుంది. వాచిన మణికట్టు ప్రతి రాపిడికీ ప్రాణం తోడేస్తోంది. మేస్త్రి చూస్తూ, ఇంకా అన్నట్టు ఒకసారి, చాలు అన్నట్టు ఒకసారి వేలు ఆడించాడు. మొదటిది సన్నబడిపోయింది. రెండోది గాడిలో కూర్చుంది. చక్రం ఎక్కించి, నట్టును ఈసారి తమ్ముడు గట్టిగా బిగించాడు. తర్వాత ఆమె బిగించింది. ఆ తర్వాత తమ్ముడే ఇంకోసారి చూశాడు.

రెండోసారి లాగగానే ఇంజను అందుకుంది. పెరడంతా దద్దరిల్లింది.

"చూశావా బావా! నీ తాళం పనిచేసింది!" తమ్ముడు ఎగిరి గంతేశాడు.

మేస్త్రి నవ్వలేదు. ఇంజను వైపు కూడా చూడలేదు. ఆయన చూపు వెనక గది తలుపు మీద ఉంది. ఆమెకు అర్థమైంది గానీ అర్థం కానట్టు లోపలికి పరిగెత్తి, బొంతలు లాగేసి, స్విచ్చి వేసింది. ముట్టుకుంటే గుడ్లు చెరువులో గులకరాళ్ళలా ఉన్నాయి.

అయినా మానలేదు. రెండు రోజుల తర్వాత కరెంటు వచ్చేదాకా పెట్రోలు పోస్తూనే ఉంది. "చలికి కాస్త నిద్రపోయి ఉంటాయి, అంతే" అని తమ్ముడు అంటే, "ఆ, అంతే" అంది.

పగలాల్సిన రోజు వచ్చింది. మామూలుగా ఆ రోజు ఆ గది సంతలా ఉంటుంది. పెంకులు పగలకముందే లోపలినుంచి కిచకిచలు మొదలవుతాయి. ఆమె తలుపు తీసి నిలబడింది. ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఇంకోటి. ఇంకో అరలోంచి ఇంకోటి. ఒకే ఒక్కదానికి చిన్న బీట కనిపించింది. లోపల ముక్కు కదిలింది కూడా. సాయంత్రానికి అదీ ఆగిపోయింది.

మర్నాడు తమ్ముడు పెరట్లో గొయ్యి తవ్వాడు. ఆమె బుట్టలు మోసి పోసింది. మట్టి కప్పాక, పొదిగే యంత్రం అరలు కడిగి ఎండలో ఆరబెట్టింది. మళ్ళీ గుడ్లు పెడతావా అని తమ్ముడు అడగలేదు. ఆమె చెప్పలేదు.

అన్నం కలిపి మేస్త్రి ముందు కూర్చుంది. ఆయన నోరు తెరవలేదు. ఇంజను తిరిగిన రోజునుంచీ తప్పు మాటలు కూడా మానేశాడు. దుప్పటీ లేదు, మిల్లూ లేదు.

"తినండి. మీ తప్పేం లేదు" అంది. "మూత బిగించింది నేను. లోపల ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. అది నా తప్పు."

ఆయన చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. పెదాలు కూడదీసుకున్నాడు. మాట ఎటు పోతుందోనని ఆమె ముందుకు వంగింది.

"కాదు" అన్నాడు. "నేను."

ఇన్ని నెలల్లో ఆయన నోటినుంచి సరిగ్గా వచ్చిన మాట అదొక్కటే. ఆమెకు ఆనందించాలో ఏడవాలో తెలియలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంకో మాట వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె చల్లారిన ముద్దను తనే తినేసి, కంచం కడగడానికి లేచింది.