బొటనవేలి కింద దీవి

మా తుంకు ఇద్రుస్ గారు పద్దెనిమిదేళ్ళు విదేశాంగ మంత్రిగా చేశారు. సుల్తానుకు స్వయానా తమ్ముడు; తుంకు అంటే మా దగ్గర రాజకుటుంబం వాళ్ళకుండే బిరుదు. నేను ఆయన కార్యదర్శిని కాబట్టి ఆయన ఎక్కిన విమానాలన్నీ నేనూ ఎక్కాను, ఆయన తినలేక వదిలేసిన విందులన్నీ నేను తిన్నాను. పరాయి దేశాల మంత్రుల్ని కూర్చోబెట్టి, ప్రశ్న మీద ప్రశ్న వేసి చెమటలు పట్టించిన మనిషి ఆయన. అన్నగారి ముందు మాత్రం నోరెత్తి ఒక్క ప్రశ్న అడిగి ఎరగరు.

అందులో వింతేమీ లేదు. మా దగ్గర ప్రభువు చెప్పింది అర్థం కాకపోతే తప్పు విన్నవాడిది. మళ్ళీ అడిగామంటే, మీకు చెప్పడం చేతకాలేదని ఆయన మొహం మీదే అన్నట్టు. తుంకు బాబాయి ఒకాయన వెనకటికి ఏదో అడిగారట. ఆయన్ని ఏదో చలిదేశానికి రాయబారిగా పంపేశారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు, ఉన్ని టోపీ పెట్టుకుని దిగిన ఫోటోలు పంపుతుంటారు.

ఎనభై నాలుగులో దక్షిణాన ఉన్న పొరుగుదేశంతో సముద్ర సరిహద్దు తేల్చుకోవాల్సి వచ్చింది. తగాదా అంతా లిడి దీవి దగ్గరే. అరవై ఇళ్ళు, ఒక మసీదు, ఎప్పుడూ ఎండు రొయ్యల వాసన. తుంకుకు పాలిచ్చి పెంచిన దాది ఆ దీవి మనిషి. ఆవిడ పోయింది గానీ కూతురు కల్సొమ్ ఇంకా అక్కడే ఉంది. ఒకే తల్లి పాలు తాగారు కనుక మా మతం ప్రకారం వాళ్ళిద్దరూ అక్కాతమ్ముళ్ళే. మంత్రిగారిని పట్టుకుని 'ఒరే' అనే మనిషి నాకు తెలిసి ఆవిడొక్కతే.

గీత ఎక్కడ గీయాలో ఆజ్ఞ కోసం పటం పట్టుకుని దర్బారుకు వెళ్ళాం. దక్షిణం సుల్తాను వైపు వచ్చేలా పరిచాం. ఆయన చాలాసేపు చూసి, కుడిచెయ్యి పిడికిలి మూసి, బొటనవేలు పటం మీద ఆనించారు. మాలో మర్యాద తెలిసినవాళ్ళెవరూ చూపుడువేలితో చూపించరు, ప్రభువైనా సరే. వేలు ఆనించి, తమ్ముడి వైపు ఒకసారి చూసి, తీసేశారు. మాట్లాడలేదు. మేం చేతులు జోడించి నుదుటికి ఆనించుకుని, వీపు చూపకుండా వెనక్కి వెనక్కి నడిచి బయటపడ్డాం.

కచేరీకి వచ్చాక మొదలైంది అసలు బాధ. ఆ పటం మీద రాజుగారి బొటనవేలంటే ఎనిమిది మైళ్ళ సముద్రం. లిడి దీవి సరిగ్గా దాని కిందకొచ్చింది. మర్జుకి అని మా న్యాయ సలహాదారు ఒకాయన తన బొటనవేలికి సిరా పూసుకుని, కాగితాల మీద ముద్రలు వేసి మూడు రోజులు కొలిచాడు. చూపించేది వేలి కొనతోనే కాబట్టి గీత కొన దగ్గరేనని తేల్చాడు. కొనేమో దీవికి ఉత్తరాన పడింది. అంటే దీవి పొరుగువాళ్ళకు పోతుంది.

తుంకుకు ఆ లెక్క మింగుడుపడలేదు. నీకేమనిపిస్తోందని కారులో నన్నడిగారు. ప్రభువులవారినే ఒకసారి అడిగితే పోతుంది కదా అన్నాను. ఇల్లు చేరాక, దిగబోతూ, శుక్రవారం అడుగుతానన్నారు.

శుక్రవారం నమాజు తర్వాత అన్నదమ్ములు కలిసి భోంచేయడం అలవాటు. నేను పక్కగదిలో, తెరిచిన తలుపు దగ్గర కూర్చుని అంతా చూశాను, విన్నాను. సుల్తాను చేప తల దగ్గరి మెత్తటి కండ తీసి తమ్ముడి పళ్ళెంలో వేశారు. సోమవారం సంతకాలకు అంతా సిద్ధమేనా అని అడిగారు. తుంకు ఆ కండను అన్నంలో కలుపుకుంటూ, అంతా ప్రభువుల దయ అన్నారు. ఆ తర్వాత అరగంట సేపు గుర్రాల గురించి మాట్లాడుకున్నారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

సోమవారం సంతకాలయ్యాయి. బుధవారం కొత్త పటం తీసుకెళ్ళి చూపించాం. సుల్తాను కళ్ళజోడు పెట్టుకుని వెతికారు.

"లిడి ఏది?"

"గీతకు అవతల, ప్రభూ," అన్నారు తుంకు.

ఆయన కళ్ళజోడు తీసేశారు. "అది మనకుండాలనే కదా దాని మీద వేలు పెట్టింది. నీ దాది ఊరని నాకు తెలీదా?" కళ్ళజోడు పటం మీద పడేసి, "అడగొచ్చు కదరా," అన్నారు.

ఆయన నోట ఆ 'రా' నేను అంతకుముందెప్పుడూ వినలేదు. తుంకు నుదుటికి ఆనించిన చేతులు దించడం మర్చిపోయారు.

పొరుగుదేశం బాగా ఒత్తిడి చేయడం వల్లే దీవి వదులుకున్నామని ఒక ప్రకటన రాయమని నాకు ఆజ్ఞ అయింది. రాశాను. అలాంటివి రాయడంలో నాకు మంచి పేరుంది. తుంకు దాన్ని చదివి, నాకే తిరిగిచ్చి, లిడికి పడవ సిద్ధం చేయమన్నారు.

మేం వెళ్ళేసరికి కల్సొమ్ చాప మీద రొయ్యలు ఆరబెడుతోంది. లేవలేదు. కబురు అప్పటికే చేరింది.

"వాళ్ళు గట్టిగా పట్టుబట్టారటగా తమ్ముడూ?"

ప్రకటన నా సంచిలోనే ఉంది. తుంకు ఆవిడ ఎదురుగా ఇసుకలో చతికిలబడ్డారు.

"లేదక్కా. అన్నయ్యని ఒక మాట అడగాల్సింది, అడగలేదు. భయమేసింది."

ఆవిడ రొయ్యల్ని రెండోవైపు తిరగేసింది. "మా అమ్మ పాలు తాగి ఇంత పిరికివాడివెలా అయ్యావురా," అంది. తిట్టినట్టు లేదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టుంది.

ఉండాలనుకున్నవాళ్ళు ఉండొచ్చని, రావాలనుకున్నవాళ్ళకు మా ఒడ్డున ఇళ్ళు కట్టిస్తామని, ఆర్నెల్ల గడువుందని ఆయన చెప్పుకుంటూ పోయారు. ఆవిడ అన్నీ ఓపిగ్గా వింది.

"మనుషులంటే వస్తారు, సరే. అమ్మ సమాధిని ఏ పడవలో ఎక్కిస్తావు?"

తుంకు లేచారు. చెప్పులు అక్కడే విడిచి, మసీదు వెనక సమాధుల వైపు నడిచారు. ఆటు మొదలైంది, పడవ ఇసుకలో కూరుకుపోతుందని పడవవాడు రెండుసార్లు కేకేశాడు. నేను వెళ్ళి పిలవలేదు. ఆర్నెల్లు దాటాక ఆయన అక్కడికి రావాలంటే పొరుగుదేశం వీసా ఇవ్వాలి. ఆ దరఖాస్తు కూడా నేనే రాయాలి.