డబ్బాలో లేని కార్డు

శోభన కొబ్బరి కోరుతోంది. తెర అవతల ముందుగదిలో, యంగోనా వేరు దంచి కలిపిన పానీయం గిన్నె చుట్టూ చాప మీద తెలుగు సంఘం పెద్దలు కూర్చున్నారు. ఫిజీలో మన తెలుగువాళ్ల భజన మండళ్ల చరిత్ర మీద ఆమె భర్త సతేంద్ర రాసిన వ్యాసం అచ్చుకెళ్తుందో లేదో ఇవాళ తేలిపోతుంది.

"శోభనా, ఆ నాడీ ఊరి పత్రిక ఏ ఏటిది?" సతేంద్ర కేకేశాడు.

"ముప్పై ఎనిమిది."

"చూశారా, మా ఇంటి లైబ్రరీ పొయ్యి దగ్గరుంటుంది."

"అయితే భౌజీకి జీతం ఇయ్యి," అన్నారెవరో వదిన వరస కలుపుతూ. అందరూ నవ్వారు.

రాసింది అతనే. వెతికింది మాత్రం ఈమె. పదకొండు శనివారాలు వంట ముగించి, బస్సెక్కి, సువా యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగు సొరుగులు ఒక్కొక్కటే లాగింది. రచయిత పేరు కింద దొరకనిది విషయం కింద చూసింది. ఒక పుస్తకం చివరి జాబితా పట్టుకుని ఇంకో పుస్తకానికి పోయింది. ఇంటికివ్వని థీసిస్‌లను అక్కడే కూర్చుని చేత్తో ఎక్కించుకుంది. దొరికిన ప్రతిదానికీ ఒక కార్డు రాసి బిస్కెట్ డబ్బాలో పెట్టింది. "ఫ్యాను కింద చల్లగా కూర్చుని వస్తావు, నీకేం," అనేది అత్తగారు అమ్మణి.

చివరి శనివారం ఒక థీసిస్‌లో చిక్కొచ్చి పడింది. నవాకా ఊళ్లో మొదటి మండలిని కూర్చింది చెరకు కోసే కన్నమ్మ అట. పన్నెండేళ్లు ఆమే ముందు కూర్చుని తాళం పట్టిందట. సతేంద్ర వ్యాసంలో ఆ ఘనత సంఘం అధ్యక్షుడు మున్సామిగారి తండ్రిది.

"ఆ కార్డు తీసెయ్," అన్నాడు సతేంద్ర. "నీ పని వెతకడం. ఏది ఉంచాలో నేను చూసుకుంటా."

తీసేసింది. చింపడానికి మాత్రం చెయ్యి రాలేదు. దేవుడి గూట్లో కుంకుమ భరిణె కింద పెట్టింది. నాలుగు రోజులుగా దీపం పెట్టినప్పుడల్లా కళ్లు అక్కడికే పోతున్నాయి. ముందే ఒక ముద్ద తీసుకున్న అన్నం నైవేద్యానికి పనికిరాదని నేర్పింది అత్తగారే. దేవుడికి పనికిరానిది మనుషులకి ఎలా పెడతాం?

"జాబితా బాగుంది సతేంద్రా," మున్సామి గొంతు వినిపించింది. "దొరికినవన్నీ ఉన్నాయి గదా? కింద సంతకం పెట్టేది నేను. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు."

"అన్నీ ఉన్నాయన్నా," అని, అలవాటుగా తెరవైపు తిరిగాడు సతేంద్ర. "ఏం శోభనా, అంతేగా?"

కోరుడు ఆగింది. అమ్మణి కోడలి మోచెయ్యి పట్టుకుని, "ఊ అనవే," అంది మెల్లగా.

శోభన చెయ్యి విడిపించుకుని కడుక్కుంది. దీపానికి దణ్ణం పెట్టి భరిణె జరిపింది. పళ్లెం లేకుండా ఆమె ఆ తెర దాటడం ఇదే మొదటిసారి. సతేంద్ర కళ్లు ఆమె చేతిలోని కార్డు మీదే ఉన్నాయి. ఆమె మున్సామి ఎదుట చాప మీద కూర్చుంది.

"ఇంకొకటి ఉందండీ," అంది. "వెతికింది నేను. తీసేసింది కూడా నేనే. మళ్లీ పెడుతున్నాను."