పెంచల్ పేరు పక్కన

ఏదో ఒక కంపెనీ తన సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను ఇక ఆపేస్తున్నానని ప్రకటిస్తే పేపర్లో ఓ మూల రెండు లైన్లు పడతాయి. ఆ రెండు లైన్లతో నాకు ఏడాదికి సరిపడా పని. చవగ్గా వస్తోంది కదా అని చిన్న చిన్న స్కూళ్ళు, సంఘాలు, నర్సింగ్ హోములు దాన్నే కొనుక్కున్నాయి. ఇప్పుడు కంపెనీవాడు చేతులు దులుపుకున్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నా పేరు జీవానందం. నెల్లూరు నుంచి బండి మీద బయల్దేరి, ఈ ఎలుకల ఇళ్ళన్నీ తిరిగి పాత సర్వర్ పెట్టెలు తీసి కొత్తవి పెట్టడం నా ఉద్యోగం.

పోయిన నెల కోట అనే ఊళ్ళో ఒక హైస్కూల్లో పెట్టె విప్పితే లోపల ఫ్యాను రెక్కలకు పసుపు గడ్డకట్టి ఉంది. హెడ్మిస్ట్రెస్ ఉషారాణి గారు ప్రతి ఆయుధపూజకూ దానికి పసుపు రాసి బొట్లు పెట్టించేవారట. "అందుకే సార్, ఇన్నేళ్ళు నడిచింది" అన్నారావిడ. కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

ఆ తర్వాత వెళ్ళింది ఇందుకూరుపేట మండలంలో సముద్రం ఒడ్డునున్న ఒక పల్లెకు. అక్కడి మత్స్యకారుల సంఘం ఆఫీసు ఒకే ఒక్క గది. ఉప్పుగాలికి సర్వర్ పెట్టె అడుగంతా తుప్పు తినేసింది. అది చచ్చిందంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను మరో పెట్టెలోకి ఎక్కించే దారి లేదు. బతికుండగానే లోపలున్నదంతా కొత్తదాన్లోకి మార్చాలి.

లోపలున్నది వేటకు పోయేవాళ్ళ లెక్క. పడవ కదిలే ముందు అందులోని ప్రతి మనిషి పేరూ, ఇంటి ఫోన్ నంబరూ ఎక్కిస్తారు. పేరు పక్కన 'వేటలో' అని పడుతుంది. మనిషి ఒడ్డుకొచ్చాక దాన్ని మారుస్తారు. గాలివానలప్పుడు ఎవరు నీళ్ళమీదున్నారో తెలియాలని పెట్టుకున్న ఏర్పాటు. ఆ పని చూసే వనజాక్షి ఆ ఊరి పిల్లే. డిగ్రీ చదివి సంఘంలో గుమాస్తాగా కుదిరింది.

మొదటిరోజు సాయంత్రం నేను వైర్లు సర్దుకుంటూ ఉంటే, ఖాళీ చేపల గంప చంకన పెట్టుకుని ఒక ముసలామె గడప దగ్గర నిలబడింది.

"మావాడి పేరు కాడ ఏముందమ్మా?"

వనజాక్షి తెర వైపు చూసి చదివింది. "వేటలో ఉండాడు పెద్దమ్మా."

"సరేమ్మా" అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ పూట పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. ఎవరి పడవమ్మా ఇంకా రాలేదు అని అడిగాను. వనజాక్షి గొంతు తగ్గించి చెప్పింది. ఆమె పేరు నాగులమ్మ. కొడుకు పెంచల్. మూడేళ్ళ కిందట గాలికి వాళ్ళ పడవ బోల్తా పడింది. మిగతావాళ్ళను ఇంకో పడవ వాళ్ళు చేతులందించి లాగారు. పెంచల్ దొరకలేదు. అటు కృష్ణపట్నం దాకా వెతికారు. శవం కూడా తేలలేదు.

"అప్పటి నుంచీ 'వేటలో' అనే ఉంచేశారా?"

"రోజూ వస్తది సార్. రోజూ చదువుతా."

"ఎవరూ ఆమెకు నిజం చెప్పలేదా?"

"శవం రానోళ్ళని పొయినాడని మా ఊళ్ళో ఎవరూ అనరు సార్. ముందుగా కన్నతల్లే ఆ మాట అనాల. ఆమె అన్నాకే ఊరు ఏడవాల. అందాకా, ఇంకా రాలేదు అంటాం, అంతే."

నాకు చిరాకేసింది. ఊరంతా కలిసి ఒక మనిషిని మభ్యపెట్టడం ఏమిటి అనుకున్నాను. అయితే కిటికీలోంచి ఆమె వెళ్ళడం చూశాను. వచ్చేటప్పుడు కాళ్ళీడ్చుకుంటూ వచ్చిన మనిషి, పోయేటప్పుడు గంప ఊపుకుంటూ పోతోంది. ఆ ఒక్క మాటతో ఆమెకు మర్నాటి దాకా గడుస్తుంది. నా చిరాకు నాలోనే ఉంచుకున్నాను.

కొత్త సాఫ్ట్‌వేర్ పెద్ద పెద్ద హార్బర్ల కోసం తయారైంది. దానికో ముచ్చట ఉంది. మనిషి వచ్చాడని నొక్కగానే వాళ్ళింటికి దానంతటదే ఫోన్ చేసి, "మీ ఇంటి మనిషి క్షేమంగా ఒడ్డుకు చేరారు" అని ఆడగొంతుతో చెబుతుంది. మర్నాడు పొద్దున సంఘం ప్రెసిడెంటు మాలకొండయ్య తన నంబరు పెట్టించుకుని మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయించుకున్నాడు. వచ్చిన ప్రతివాడి చెవికీ ఫోన్ ఆనించి వినిపించాడు.

"మా ఇంట్లో ఆడోళ్ళు ఇంక ఒడ్డుకొచ్చి ఎదురు జూడక్కర్లే" అన్నాడు.

"ఇల్లు అలకగానే పండగ కాదు పెద్దాయనా. పాత పేర్లింకా ఎక్కలేదు" అన్నాను.

మధ్యాహ్నం ఎక్కించడం మొదలుపెట్టాను. ఊరందరి పేర్లూ వరసగా పోతూ పోతూ ఒక్క పేరు దగ్గర ఆగిపోయాయి. పెంచల్. నెలకు మించి సముద్రంలో ఉండే మనిషిని కొత్త సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. 'తిరిగి వచ్చారు', 'మరణించారు', ఈ రెండింటిలో ఒకటి నొక్కమంటుంది. నొక్కితే తప్ప ముందుకు కదలదు. కొత్త సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాను. మూడోది ఏమీ లేదు సార్ అంది అక్కడి అమ్మాయి. చేపలు పట్టేవాళ్ళ కోసం సాఫ్ట్‌వేర్ రాసినవాడు ఒక్కసారైనా ఏ తీరానికన్నా వచ్చి కూర్చున్నాడా అని నాకు ఒళ్ళు మండింది.

"'మరణించారు' నొక్కమ్మా" అన్నాను వనజాక్షితో.

ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. "ఆమె అనకముందు నేనెట్లంటా సార్?"

"అనడం కాదమ్మా, నొక్కడమే కదా."

"నాకు రెండూ ఒకటే సార్. మీరు నొక్కినా నొక్కించింది నేనే గదా."

"ఏదో ఒకటి కానియ్యి మరి. రేపు తెల్లారి పడవలు పోవాలి. ఊరందరి పేర్లూ ఈ ఒక్క పేరు వెనక ఆగిపోయాయి."

కాసేపు ఆలోచించింది. తర్వాత ఆమె ముఖం తేటపడింది. "మంచి మాటే పెడతా సార్. లోపల ఏముంటే ఏంది? సాయంత్రం ఆమె వచ్చి అడిగితే, వేటలో ఉండాడనే చదువుతా. ఆమెకు చదువు రాదు గదా."

నాకూ అది బాగానే తోచింది. నోరు మంచిదైతే ఊరు మంచిది అని ఊరికే అన్నారా? వనజాక్షి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని 'తిరిగి వచ్చారు' మీద నొక్కింది. ఆగిన పేర్లన్నీ కదిలాయి. ఇద్దరికీ టీ తెప్పించాను. ఆ పేరు వెనకాల ఒక ఫోన్ నంబరుందని మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

టీ సగం తాగామో లేదో, ఎండలో, ఇసుకలో పడుతూ లేస్తూ నాగులమ్మ రావడం కనిపించింది. కాళ్ళకు చెప్పుల్లేవు. ఒక చేతిలో ఫోనుంది. ఇంకో చేతిలో మడత పెట్టిన లుంగీ, తువ్వాలు. సముద్రం మీంచి వచ్చిన మనిషి తడిసి వస్తాడు, పొడిబట్ట కావాలి.

"యాడుండాడమ్మా?" అంది రొప్పుతూ. "ఫోనొచ్చింది. ఎవరో ఆడమనిషి చెప్పింది. ఒడ్డుకు జేరినాడంట. క్షేమంగా అని గూడా అన్నింది."

ఆ ఇంట్లో వేటకు పోయే మనిషి ఇంకెవరూ లేరు.

నాగులమ్మ తలుపు వెనక చూసింది, నా కుర్చీ వెనక చూసింది. "పడవ కాడ ఉండాడా? ఏమన్నా తిన్నాడా? ఇంట్లో సద్ది తప్ప ఏం ల్యా. పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చినా." నవ్వుతోంది. అంతదాకా ముసలామె అనుకున్నాను కానీ, అప్పుడు చూస్తే ఆమెకు మా అక్క వయసు కూడా ఉండదు. నా జన్మలో అంత సంతోషంగా ఉన్న మనిషిని చూడలేదు. ఆ సంతోషం తెచ్చిపెట్టిన చేతులు మావి.

"మిషన్ పొరపాటమ్మా" అన్నాను. అదీ అబద్ధమే. మిషన్ మేము చెప్పిందే చేసింది. "కొత్తది పెడుతున్నాం. పాత పేర్లు మారుస్తుంటే దానంతటదే ఫోన్ వెళ్ళిపోయింది. ఎవరూ రాలేదమ్మా."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. నా ముఖం చూసింది. వనజాక్షి ముఖం చూసింది. ఆ పిల్ల ఏడుస్తోంది. అప్పుడు లుంగీ పట్టుకున్న చెయ్యి మెల్లిగా కిందికి దిగింది.

నేను పాత పెట్టె దగ్గరికి పరుగెత్తాను. వందల పెట్టెలు పీకి పారేసినవాణ్ణి, ఆ తుప్పు పట్టినదానికి మళ్ళీ వైరు తగిలించబోయాను. "పాతది ఇక్కడే ఉందమ్మా. ఇందులో 'వేటలో' అనే ఉంది. మళ్ళీ దీన్నే నడిపిస్తాను. ఇప్పుడే."

"వద్దు నాయనా."

"ఒక్క నిమిషం అమ్మా."

"వద్దు. ఇన్నాళ్ళూ రాలేదంటే, వస్తాడులే అనుకున్నా. ఇప్పుడు వచ్చినాడని చెప్పినా రాల్యా. ఇంక యాడి నుంచి వస్తాడు?"

గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మావాడు చచ్చిపొయినాడు వనజాక్షీ."

ఆ పిల్ల ఆమె మెడను వాటేసుకుని బావురుమంది. బయట ఎండు చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు ఆ మాట విన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. చేతిలో పనులు అక్కడే వదిలేసి ఒక్కొక్కరే వచ్చారు. నాగులమ్మను బయటికి నడిపించి, ఇసుకలో కూర్చోబెట్టి, చుట్టూ కూర్చుని ఏడ్చారు. మూడేళ్ళుగా ఆమె నోటి కోసం ఆగి ఉన్న ఏడుపు అది. మాలకొండయ్య వలల మీద కూలబడి తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పెంచల్ ఎలా ఉంటాడో కూడా నాకు తెలియదు. అయినా ఏడ్చాను.

వనజాక్షి మళ్ళీ కుర్చీలో కూర్చునే స్థితిలో లేదు. నాగులమ్మే లేచి లోపలికొచ్చింది. ఏది నొక్కాలో చూపించమంది. నేను ఆమె చెయ్యి పట్టి మౌస్ మీద పెట్టి, 'మరణించారు' ఎక్కడుందో చూపించాను. పెంచల్ పేరు పక్కన ఆమే వేలు ఆనించి నొక్కింది. లుంగీ, తువ్వాలు ఇంకా రెండో చేతిలోనే ఉన్నాయి.

"ఇందులో మా ఇంటి నంబరు ఉందా నాయనా?"

"ఉందమ్మా."

"తీసెయ్. అది మళ్ళీ మోగిందంటే, నేను మళ్ళీ పరిగెత్తుకొస్తా."